పైన పొయ్యి, కింద పడక

మొన్న ఆదివారం మనవరాలు ఫోన్లో ఎవరితోనో "అలాగేనండీ, మీరు ఖాళీ చేశాక మేస్త్రికి చూపిద్దాంలెండి" అంటుంటే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఈ మధ్యనే బ్యాంకు అప్పు మీద నల్లకుంటలో చిన్న ఫ్లాటు కొని అద్దెకిచ్చింది. ఏమైందని అడిగితే, "ఏం లేదవ్వా, పడగ్గది కప్పుకు తడి మచ్చంట. రెండు నెలల్లో వాళ్లే పోతున్నారులే" అంది. చిక్కుడుకాయల పళ్లెం పక్కకు నెట్టేశాను.

నేను చదివింది ఐదో తరగతే. మా వారు యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసేవారు, తార్నాకలో మేడమీది వాటా అద్దెకిచ్చే పెత్తనం మాత్రం నాది. మనుషుల మొహం చూసి ఇల్లివ్వలేదెప్పుడూ. అద్దెకు అడిగినవాళ్లు అప్పటికి ఉంటున్న ఇంటికి మంచినీళ్లడిగే వంకన వెళ్లి, పొయ్యి వెనక గోడ, బాత్రూం మూల చూసి వచ్చేదాన్ని. లాలాగూడలో ఒకావిడ నీళ్లతోపాటు ఉప్మా కూడా పెట్టింది. తిన్నాను గానీ ఇల్లివ్వలేదు, ఆ గోడ అలాంటిది. అడ్వాన్సు ముట్టుకునేదాన్ని కాదు, వెళ్లేరోజు సామాను బండి కదలకముందే చేతిలో పెట్టేదాన్ని. ఆషాఢంలో ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు కాబట్టి, ఖాళీ అయ్యే ఇల్లు జ్యేష్ఠంలోనే నిండాలని తాపత్రయపడేదాన్ని.

ఒక ఎండాకాలం పైవాటాలో క్యాంపస్ లైబ్రరీలో పనిచేసే అబ్బాయి, అతని భార్య ఉండేవాళ్లు. ఆ పిల్లకు ఆరో నెల. వడియాలు ఎండబెట్టడానికి మేడెక్కుతూ వాళ్ల గదిలోకి తొంగిచూస్తే, సరిగ్గా మంచం పైన కప్పు పెచ్చు ఉబ్బి ఉంది. మేస్త్రిని పిలిపిస్తే, వానలు పడకముందే చెక్కించి మళ్లీ పూయాలన్నాడు, గది ఖాళీగా ఉండాలన్నాడు. ఆ రాత్రి నుంచి నాకు కునుకు లేదు. ఆ పిల్ల మొహం చూసి చెప్పలేక, క్యాంపస్‌కు నడిచిపోయి లైబ్రరీ మెట్ల దగ్గర అతన్ని పట్టుకుని, వేరే ఇల్లు చూసుకోమన్నాను. "సరేనమ్మా" అన్నాడు, మొహం మాత్రం మాడిపోయింది. రెండ్రోజులకే ఊరి నుంచి అతని తల్లి దిగింది.

"ఏందమ్మా ఇది? కడుపుతోనున్న పిల్ల యాడన్న ఇల్లు మారుతదా?"

"కప్పు నెత్తిన పడితే బాగుంటుందా?"

"పడనియ్యకుండ్రి మరి! ఇల్లు మీదే గద."

"మా ముందుగదిలో పండుకోండి. ఒకటే గేటు, ఒకటే కరెంటు మీటరు. ఇల్లు మారినట్లెట్లయితుంది?"

"మీటరుకేమెరుక? పొయ్యి యాడుంటే గదే ఇల్లు."

దారి ఆవిడే చూపించింది. "అయితే పొయ్యి పైననే ఉండనీ. పొద్దున్నే పాలు ఆడనే కాంచండి. పడక ఒక్కటే కిందికి దించుకోండి" అన్నాను. ఆవిడ నములుతున్న వక్కను బుగ్గన పెట్టుకుంది. "గట్లయితే మారినట్టు గాదు" అని తీర్పు చెప్పింది.

పని మొదలైంది. ఆవిడ రోజూ పాలగిన్నె మీద కొంగు కప్పి, సిమెంటు దుమ్ములోంచి వంటింట్లోకి వెళ్లేది. మేస్త్రి గొణుక్కునేవాడు. నా కళ్లేమో ఆకాశం మీదే. లాలాగూడ వైపు కాస్త నల్లబడితే చాలు, మేడమీద సిమెంటు తట్టలు మూయండని కేకలేసేదాన్ని. ఒక పొద్దున మేస్త్రి కర్రతో ఒక్కసారి తట్టాడు. తిరగలి రాయంత పెచ్చు ఊడి కింద పడింది. ఇల్లంతా అదిరింది. కింద ఆ పిల్ల పొట్ట పట్టుకుని కూలబడి, తనకేం కాలేదన్నట్టు చెయ్యి ఊపింది. నేను మెట్లెక్కి చూస్తే, నిన్నమొన్నటిదాకా తలగడ ఉన్నచోటే పడి ఉంది. వంటింటి గుమ్మంలో ఆ పిల్ల అత్త నిలబడిపోయింది, వెనక పాలు పొంగి పొయ్యి మీద పారుతున్నాయి. లోపలికి పోయి గిన్నెలో మిగిలిన పాలు గ్లాసులో పోసి తెచ్చి, "తాగు వదినె, జర కూసోని తాగు" అంది.

ఇదంతా చెబితే, "వచ్చేవారం వెళ్దాంలే అవ్వా" అంది మనవరాలు. ఆటో పిలవమన్నాను. నల్లకుంటలో ఆ మచ్చ ఇంకా అరచెయ్యంతే ఉంది, దాని కిందే మంచం. ముందు మంచం జరిపించి, మేస్త్రి వచ్చేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇల్లు ఖాళీ అయ్యాక చూద్దామనుకుంటాం గానీ, ముప్పు కూడా అద్దెకున్నవాళ్లతోపాటే ఆ కప్పు కింద కాపురముంటుంది.