రాజ్యాంగాల చదువు కోసం కర్నూలు ప్రయాణం

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఎండలు ఇంకా ముదరక ముందు, నేను పెట్టుకున్న అర్జీకి మద్రాసు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. వేర్వేరు దేశాల రాజ్యాంగాలను పోల్చి చదివేవారికి రెండేళ్లు ఉపకార వేతనం ఇస్తామని, మన ప్రాంతం వాళ్లను ఎంపిక చేసే సంఘం కర్నూలు వస్తోందని, శుక్రవారం పదకొండు గంటలకు హాజరు కావాలని అందులో ఉంది. అప్పటికి నేను కడపలో ఒక పెద్ద వకీలు దగ్గర మూడేళ్లుగా జూనియరును. ఈ విషయం మీద నేను చదివినవి మా బార్ లైబ్రరీలోని రెండే పుస్తకాలు. రెండూ యుద్ధానికి ముందువి. వాటిలో ఇంగ్లండు, అమెరికా నిండుగా ఉన్నాయి, ఐర్లండు అరకొరగా ఉంది, మన దేశం అసలు లేదు.

"ఈ చదువుకు ఇప్పుడే మంచి రోజులొచ్చినాయి," అన్నారు మా సీనియరుగారు. "బర్మావాళ్లు కొత్తగా రాసుకున్నారు, ఇండోనేషియావాళ్లు రాసుకున్నారు. మన కోర్టుల్లో నోరు తెరిస్తే అమెరికా తీర్పులే చదువుతాండారు. ఇవన్నీ తెలిసినోడు మన జిల్లాలో ఒక్కడూ లేడు. పోయిరా."

గురువారం ఉదయం ఆరుంబావుకు బస్సెక్కాను. రైల్లో పోతే గుంతకల్లులోనూ ద్రోణాచలంలోనూ బళ్లు మారాలి. బస్సు టిక్కెట్టు అయిదు రూపాయల చిల్లర. మైదుకూరు దాటేసరికి ఏడున్నర. ఆళ్లగడ్డలో పది నిమిషాలు ఆగితే వేడి ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. నా పక్కన కూర్చున్న పెద్దరైతు తలగుడ్డ సర్దుకుని అడిగాడు.

"యాడికప్పా పోతాండావు?"

"కర్నూలుకు. రాజ్యాంగం చదవడానికి."

"అది రాసేసినారంట కదప్పా. ఇంగ సదివేదేముండాది?"

ఏదో చెప్పబోయాను. ఆదేశిక సూత్రాలు ఐర్లండు నుంచి వచ్చాయన్నాను, ప్రాథమిక హక్కులకు అమెరికా దారి చూపిందన్నాను. ఆయన తల ఊపుతూ అంతా విని, సిరివెళ్లలో దిగిపోయాడు. నేను చెప్పింది నాకే అతుకుల బొంతలా వినిపించింది.

నంద్యాలలో భోజనం చేసి బయలుదేరేసరికి ఒంటిగంట దాటింది. ఎండ పెళపెళలాడుతోంది. పాణ్యం దాటాక ఇంజను కుతకుత ఉడకడం మొదలైంది. రెండున్నరకు ఓర్వకల్లులో బస్సు ఆపి, కండక్టరు డబ్బా పట్టుకుని బావి దగ్గరికి పోయాడు. దాహంగా ఉండి నేనూ వెనకాలే వెళ్లాను.

బావి గట్టుకు పది అడుగుల ఎడంగా, తెల్ల చొక్కా వేసుకున్న ఒకతను, పద్నాలుగేళ్ల పిల్ల ఖాళీ చెంబుతో నిలబడి ఉన్నారు. కండక్టరు తోడుకున్నాడు, నేను తోడుకుని తాగాను. వాళ్లు మాత్రం కదలలేదు. నీళ్లకొచ్చిన ఒకావిడ తన బిందె నిండాక, వాళ్ల చెంబులోకి పైనుంచి వంచి పోసింది. పిల్ల చెంబు దించి పట్టుకున్న తీరులో అలవాటు కనిపించింది.

వాళ్లిద్దరూ అక్కడే బస్సెక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. అతని పేరు దేవదానం. రెండెకరాల మెట్టచేను ఉందట. తాత నాటినుంచీ క్రైస్తవులు. పిల్ల అతని కూతురు మార్తమ్మ. ఫోర్తుఫారం ప్యాసయింది. పై చదువుకు కర్నూలులో సర్కారు హాస్టలుంది. అందులో షెడ్యూల్డు కులాల పిల్లలకు కేటాయించిన సీటు కోసం అర్జీ పెడితే, మీరు క్రైస్తవులు కనుక మీకు వర్తించదని కాగితం వచ్చింది. నేను వకీలునని తెలియగానే ఆ కాగితం నా చేతిలో పెట్టాడు.

"చట్టం ముందర అందురూ ఒకటేనని మా పాస్టరయ్య చెప్పినాడు. నిజమేనా వకీలయ్యా?"

"నిజమే. పద్నాలుగో అధికరణం."

"మరి ఇదేంది?"

కాగితాన్ని రెండుసార్లు చదివాను. అయిదు నిమిషాల కిందట బావి దగ్గర చూసినదానికీ, ఇందులో రాసినదానికీ పొంతన కుదరలేదు. రేపు ఉదయం తొమ్మిదికి ఆ కాగితం పంపిన ఆఫీసుకు నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు. పదకొండుకు నా పని నాకుంది.

నాలుగింటికి కర్నూలు చేరాం. రాజధాని అంటే పెద్ద కట్టడాలు ఊహించుకున్నాను. కనిపించినవి వరస వరసల డేరాలు, వాటి మధ్య దుమ్ములో సైకిళ్ల మీద ఫైళ్లు మోసే బంట్రోతులు. మూడు లాడ్జీలు తిరిగాను. మూడో చోట ముసలి సాయిబు నవ్వి, "జాగా యాడుండాది సాబ్? రాజధాని వచ్చినకాడినుంచి వరండా గూడా కిరాయికే," అన్నాడు. ఆ వరండాలోనే మంచం తీసుకున్నాను.

మర్నాడు తొమ్మిదికి ఆఫీసులో గుమాస్తా మమ్మల్ని విసుక్కోలేదు. బీరువాలోంచి రాష్ట్రపతి ఉత్తర్వు తీసి వేలు పెట్టి చూపించాడు. హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవారిని షెడ్యూల్డు కులం వారిగా పరిగణించరాదు. పంజాబులో కొన్ని సిక్కు కులాలకు మాత్రం మినహాయింపు.

"వాళ్లకు ఉండాది, వీళ్లకు ఎందుకు లేదంటే నేనేం చెప్పేది సార్? క్రైస్తవంలో కులం లేదు కదా, అందుకని."

అప్పటిదాకా మాట్లాడని మార్తమ్మ నావైపు తిరిగింది.

"బాయికాడ మాకు కులముండాదంటారు. ఈడ లేదంటారు. నేను యాడ ఉండేదాన్ని సార్?"

గుమాస్తా ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. నేను ఒక అర్జీ రాసిచ్చాను. పైకి పంపుతామన్నాడు. గడియారం పదీ ముప్పావు చూపిస్తోంది. దాదాపు పరిగెత్తాను.

సంఘంలో ముగ్గురున్నారు. మాటలన్నీ ఇంగ్లీషులో. అమెరికా రాజ్యాంగంలో ఉన్న 'న్యాయమైన విచారణ పద్ధతి' అన్న మాటను మనవాళ్లు ఎందుకు వదిలేశారని పెద్ద ప్రొఫెసరు అడిగారు. సిద్ధం చేసుకున్న జవాబు చెప్పాను. కెనడా, ఆస్ట్రేలియాల్లో రాష్ట్రాల అధికారాల గురించి అడిగారు. అదీ చెప్పాను. చివరికి, "మీరే ఒక సమస్య ఎంచుకోండి," అన్నారు.

నా నోటివెంట మార్తమ్మ ప్రశ్న వచ్చింది. మతం మారిన మనిషి నుంచి చట్టం కులాన్ని తీసేస్తే, ఊరు తీసేయకపోతే, సమానత్వం అనే మాట ఎవరి వైపు నిలబడుతుంది? దీనికి ఏ దేశం రాజ్యాంగంలో పోలిక వెతకాలి?

"మీ అభిప్రాయమేమిటి?" అన్నారు ప్రొఫెసరు.

"నాకు తెలియదండీ."

ముగ్గురూ ఏదో గుసగుసలాడుకున్నారు. నన్ను బయట కూర్చోబెట్టి, గంట తర్వాత పిలిచారు. వేతనం నాకే ఇస్తామన్నారు. అయితే కెనడా, ఆస్ట్రేలియాల సమాఖ్యల మీదే పనిచేయాలి. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడే రోజులు కాబట్టి ఆ చదువుకే గిరాకీ. "మీ ఇంకో ప్రశ్నకు దారి చూపేవాళ్లు మా దగ్గర లేరు," అన్నారు ప్రొఫెసరు, దాచకుండా. సోమవారంలోగా ఉత్తరం ద్వారా ఒప్పుకోవాలి.

సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక తుంగభద్ర ఒడ్డుదాకా నడిచాను. ఏటిలో నీళ్లకంటే ఇసుక ఎక్కువగా ఉంది. సాయంత్రం దేవదానం లాడ్జీకి వచ్చాడు. మిషను హాస్టలు దొరసాని మార్తమ్మకు ఈ ఒక్క ఏడాదికి చోటిచ్చిందట.

"వచ్చే ఏడు?" అన్నాను.

"నువ్వు సదివొచ్చి చెప్తావులే," అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

శనివారం పొద్దున ఏడింటి బండిలో తిరుగు ప్రయాణం. బస్సు వేడి మళ్లీ పడలేక ఈసారి రైలే ఎక్కాను. ద్రోణాచలంలో గంట కాచుకుని గుంతకల్లు బండి పట్టాను. ఒళ్లో కాగితం పెట్టుకుని రాస్తూ, చించేస్తూ ఉంటే ఎదుటి సీటులోని ముసలి దర్జీ చాలాసేపు చూశాడు.

"ఏమంత పెద్ద జాబు సాబ్?"

"ఒప్పుకుంటానో లేదో చెప్పాలి."

"ఒక్క మాటే కదా."

"రెండున్నాయి."

ఆయనకేమీ అర్థం కాలేదు. నాకూ అంతంతమాత్రమే. గుంతకల్లు చేరేలోగా ఉత్తరం పూర్తయింది. మీరు చెప్పిన విషయం మీదే పనిచేస్తాను. దానితోపాటు ఆ రెండో ప్రశ్న మీద కూడా, దారి చూపేవారు లేకపోయినా, ఒక అధ్యాయం రాస్తాను. అందుకు అనుమతి లేదంటే వేతనం వేరొకరికి ఇవ్వండి. ప్లాట్‌ఫారం మీది తపాలా పెట్టెలో వేశాను. వేసిన మరుక్షణం ఆ ఆఖరి వాక్యం ఎందుకు రాశానా అని పెట్టె మూతిలోకి తొంగి చూశాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆ అధ్యాయం నా సొంత పూచీ మీద రాసుకోమన్నారు. కానీ ఆ సాయంత్రం గుంతకల్లులో ఎక్కిన మద్రాసు బండిలో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఆ సంగతి నాకేం తెలుసు? తాడిపత్రి దాటింది, ఎర్రగుంట్ల దాటింది. ఈ దారిన వెళ్లేవారు ద్రోణాచలంలో మంచినీళ్లు నింపుకోండని, కర్నూలులో గదికి ముందే కబురు పెట్టండని ధైర్యంగా చెప్పగలను. అంతకు మించి ఆ రోజు ఏమడిగినా తడబడి ఉండేవాణ్ణి. ఇంటికి పోతున్నానో, ఇప్పుడే బయలుదేరానో కూడా నాకు తేలలేదు. కడప స్టేషను దీపాలు కనిపించగానే సంచి తీసుకుని తలుపు దగ్గరికి నడిచాను.