సంగటి పంపని చేను

డెబ్బై ఒకటి డిసెంబరులో, యుద్ధం మొదలైన కొద్ది రోజులకు, మరమ్మతు పూర్తయిన ఒక యుద్ధవిమానాన్ని బెంగళూరు నుంచి పశ్చిమ సరిహద్దులోని మా స్క్వాడ్రన్‌కు చేర్చమని నాకు ఆదేశం వచ్చింది. అప్పుడు నా హోదా ఫ్లయింగ్ ఆఫీసర్. అంటే విమానం నడపనిస్తారు గానీ అభిప్రాయం అడగరు. అక్కడ తోటివాళ్ళు యుద్ధం చేస్తుంటే నన్ను సామాను తెమ్మని వెనక్కి పంపారని లోపల్లోపల ఉడికిపోయాను. ఫైటర్ పైలట్ బతుకంటే రోజూ ఆకాశంలో కాల్పులేనని జనం అనుకుంటారు. అందులో ఇలాంటి చేరవేతలు కూడా బోలెడుంటాయి.

దారి మా అనంతపురం జిల్లా మీదుగానే. శత్రువు రాడార్‌కు చిక్కకుండా నేలకు దగ్గరగా ఎగరడం మాకు అలవాటు కావాలి కనుక, ఆ ప్రయాణంలో కొంత దూరం తక్కువ ఎత్తులోనే వెళ్ళమన్నారు. ఆ ఏడు వానల్లేవు. చచ్చిన పశువుల కోసం రాబందులు తిరుగుతున్నాయి. వజ్రకరూరు దాటగానే వాటిలో ఒకటి నా ఇంజనులోకి పోయింది. దబ్బుమని ఒక చప్పుడు, ఆ తర్వాత అసలు చప్పుడే లేదు.

ఇంజను ఆగితే ముందు ముక్కు పైకెత్తి, ఉన్న వేగాన్ని ఎత్తుగా మార్చుకోవాలి. ఆ ఎత్తు కరిగేలోగా ఇంజనును గాలిలోనే తిరిగి రాజేయడానికి చూడాలి. దాన్ని రీలైట్ అంటాం. నాకది కుదరలేదు. ఇక మిగిలింది బయటపడడమే. తల పైనున్న పిడి పట్టుకుని తెరను ముఖం మీదికి లాగితే, సీటు కింద మందు పేలి పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేస్తుంది. అయితే అంతకంటే ముందు విమానాన్ని మనుషులు లేని దిక్కుకు తిప్పాలి. ఎడమవైపు ఊరుంది. కుడివైపు పంట తీసేసిన చేను, ఎర్రమన్ను తప్ప ఏమీ కనిపించలేదు. కుడికి తిప్పి తెర లాగాను.

పారాచూట్ నన్ను వేరుశనగ పీకిన ఇంకో చేనులో పడేసింది. నడుము పట్టేసింది. లేచి నిలబడేసరికి చుట్టూ కట్టెలు పట్టుకున్న జనం. ఆకాశం నుంచి దిగేవాడు శత్రువు కావచ్చని అప్పట్లో ఊరూరా చెప్పుకునేవారు. నా నడుముకున్న పిస్టల్ వాళ్ళ అనుమానాన్ని ఇంకా పెంచింది. దాని మీద చెయ్యి పడకుండా రెండు చేతులూ పైకెత్తాను.

వాళ్ళలో గొంగడి కప్పుకున్న గొర్రెలకాపరి ముందుకొచ్చాడు. పేరు సుంకన్న అని తర్వాత తెలిసింది.

"ఏమప్పా, యాడోనివి నువ్వు?" అన్నాడు.

అనంతపురం వాణ్ణేనని, మా నాయనకు అక్కడ బెల్లం అంగడి ఉందని మా యాసలోనే చెప్పాను. ఏ వీధిలో అని అడిగారు, చెప్పాను. ఆ అంగడి బెల్లంలో ఇసుకుంటుందని వెనకనుంచి ఒకావిడ అంది. ప్రాణం మీదికొచ్చిన ఆ వేళ కూడా నాకు రోషం వచ్చింది. చెరుకు ఆడినచోట కలిసిన ఇసుకకు మా నాయనేం చేస్తాడని వాదించాను. ఆ వాదనతోనే కట్టెలు కిందికి దిగాయి.

అప్పుడు దూరంగా నా విమానం కూలినచోట లేస్తున్న పొగ చూపించి, అది ఎవరి చేనని అడిగాను. సుంకన్న అటు తిరిగి చూశాడు. చేతిలో కట్టె జారిపోయింది.

"ఆడ నా మంద దొడ్డి ఉండాది. నా పెండ్లాము ఆడే ఉండాది," అని పరుగు తీశాడు.

మా సీమలో కోత అయిన చేలల్లో రాత్రిళ్ళు గొర్రెల మంద ఆపుతారు, ఎరువు కోసం. పగలు పెద్ద గొర్రెలు మేతకు పోతే, ముండ్లకంపతో కట్టిన దొడ్డిలో గొర్రెపిల్లలుంటాయి. వాటికి కాపలా కాపరి భార్య. పైనుంచి చూస్తే కంప రంగూ మన్ను రంగూ ఒకటే. అంగట్లో పెరిగిన నాకు ఇవేవీ తెలియవు.

బెల్లం మీద ఎగతాళి చేసిన ఆవిడే భుజం ఆనిస్తే కుంటుతూ వెనకాల వెళ్ళాను. విమానాన్ని అటు తిప్పింది నా చేతులే. నా నడుము విరిగినా సరే, ఆ చేను ఖాళీగా ఉండాలని దారి పొడుగునా దేవుణ్ణి వేడుకున్నాను. అంత భయం శత్రువు తుపాకుల మీదుగా ఎగిరినప్పుడు కూడా పడలేదు.

దొడ్డి కాలి బూడిదైంది. సుంకన్న దాని చుట్టూ తిరుగుతూ "లింగమ్మా" అని అరుస్తున్నాడు. జవాబు పక్క చేను గట్టు అవతలినుంచి వచ్చింది. చంకలో ఒక గొర్రెపిల్లతో ఆమె లేచి నిలబడింది. మిగతావి ఆమె కాళ్ళ చుట్టూ ఉన్నాయి. సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఈడికి ఎప్పుడొస్తివని సుంకన్న అడిగాడు. మంద ఏ చేనులో ఆగితే ఆ చేను ఆసామి కాపరికి సంగటి పంపడం అక్కడి ఆనవాయితీ.

"ఆయప్ప నిన్న రేత్రి సంగటి పంపల్యా, ఈపొద్దూ పంపల్యా. ఇంగ వాని చేన్లో మంద యాల ఉండాల? నువ్వు మేతకు పోతానే పిల్లల్ని ఈడికి తోలుకొస్తి," అంది లింగమ్మ.

ఈ చేను ఆసామి అప్పటికే సంగటి పంపాడట. అందులో నాకూ ఒక ముద్ద పెట్టింది. కూర్చుంటే నడుము ఒప్పుకోక నిలబడే తిన్నాను. మనసారా అంత రుచిగా తిన్న తిండి ఇంకొకటి గుర్తులేదు.

తర్వాత జరిగిన విచారణలో, విమానాన్ని అటే ఎందుకు తిప్పావని అధ్యక్షత వహించిన వింగ్ కమాండర్ అడిగారు. ఖాళీ భూమి అన్నాను. ఖాళీ అని నీకెవరు చెప్పారని అడిగారు. జరిగినదంతా చెప్పాను. ఉన్న కాస్త వ్యవధిలో ఊరిని తప్పించడమే సరైన పని అని ఆయన తేల్చారు, నేనూ దాన్ని కాదనను. అయితే తర్వాత శిక్షకుడినయ్యాక నా విద్యార్థులెవరినీ ఖాళీ భూమి అనే మాట వాడనివ్వలేదు. మనుషులు కనబడని భూమి అనమనేవాణ్ణి. ఊరిని తప్పించింది నేను. లింగమ్మను తప్పించింది మాత్రం రెండు పూటలు సంగటి ఎగ్గొట్టిన ఒక పిసినారి.