రాగులు ఎగరని చోటు

మా బావి అడుగున బండ తేలిన ఏడాదే వానలు కూడా ముఖం చాటేశాయి. మా చేను పెనుకొండకు దగ్గర. అక్కడ రెండో బావిలో నీళ్లు పడితే ఎద్దులు నిలుస్తాయి. పడకపోతే వాటిని హిందూపురం సంతలో అమ్మేసి, ధర్మవరంలో మగ్గాలవాళ్ల దగ్గర కూలికి పోవాలి. నాయన ఈ మాట పైకి అనలేదు. కానీ పొద్దున్నే ఎద్దుల మెడలు నిమిరేటప్పుడు ఆయన చెయ్యి మామూలుకన్నా ఎక్కువసేపు అక్కడే ఉండిపోయేది.

నేను బడి మధ్యలోనే మానేశాను. చదువు మాత్రం మానలేదు. బండి తోలుకొని హిందూపురం పోయినప్పుడల్లా సరుకు దింపేసి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. ఆ ఏడు భూకంపాల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకొని, ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టినా వదల్లేదు. ఎవరూ చెప్పకుండా అర్థం చేసుకున్నానన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

అందులోని సంగతి ఇది. భూమి కంపిస్తే పుట్టే అల రాళ్లలోంచి నాలుగు దిక్కులకూ పోతుంది. దూరం పోయేకొద్దీ పలచబడటం మామూలే. అయితే గట్టి రాతిలో అది చాలా దూరం పోతుంది. పగిలి నలిగిన రాతిలో దాని బలం తొందరగా ఇంకిపోతుంది. అందులోనూ ముందు చచ్చేది గబగబా వణికే సన్నని అదురు. మిగిలేది నిదానంగా ఊగే మొద్దు కదలిక. భూకంపాలు వచ్చే చోట్ల నేల లోపల అట్లా నలిగిన పట్టీలు ఉంటాయట. ఒకే దూరంలో ఉన్న చోట్లకు అల ఎంత బలంగా చేరిందో పోల్చి చూసి, మధ్యలో నేల లోపల ఎట్లా ఉందో తవ్వకుండానే చెబుతారట.

నాకు వెంటనే మా చేను గుర్తొచ్చింది. మా వైపు నీళ్లు దొరికేది రాతి పగుళ్లలోనే.

పాత బావి అడుగు బండను ఆఖరుసారి పేల్చి చూడడానికి మందు పెట్టే ఆయన వచ్చాడు. మా దగ్గర ఒక అలవాటు ఉండేది. మందు పేలేటప్పుడు ఇంటివాళ్లు చేలో తలా ఒక చోట ఉత్త కాళ్లతో నిలబడేవాళ్లు. ఎవరి కాళ్ల కింద నేల బాగా అదిరి పలికితే అక్కడ నీళ్లున్నాయని నమ్మకం. నేను దాన్ని కొంచెం మార్చాను. బావి నుంచి మూడు వైపులకూ ఒకే తాడుతో కొలిచి, మూడు పళ్లేలు పెట్టి, వాటిలో రాగులు చల్లాను. నీళ్లు పోస్తే అదురు ఇంకా బాగా కనిపించేది. నీళ్లు ఎక్కడివి?

"తినేదానికే లేని రాగుల్ని ఆటకు పెడతాండావా?" అంది అమ్మ.

"మళ్లీ ఏరి ఇస్తా లేమ్మా."

"ఏరేది నేనే. నువ్వు బుక్కు తెరుస్తావు."

ఒక్కో పళ్లెం దగ్గర ఒకరం నిలబడ్డాక మందు పేలింది. అమ్మ దగ్గర, నాయన దగ్గర రాగులు చిటపటా ఎగిరాయి. చేను చివర మట్టిదిబ్బ పక్కన నేను నిలబడ్డ చోట నా పళ్లెంలో ఒక్క గింజ కదల్లేదు. అరికాళ్ల కింద ఏదో మొద్దుగా ఊగినట్టు మాత్రం తెలిసింది.

మందాయన నవ్వాడు. "నీ కాడ భూమి చచ్చిపోయుండాది. మీ నాయన కాడ బాగా పలికింది. ఆడ తవ్వండి."

"ఆడంతా ఒకటే బండ," అన్నాను. "ఈ పక్కంతా రాయి నలిగుండాది. అందుకే అదురు ఈడికి చేరలా. ఈడే తవ్వాల."

"ఏమప్పా, నీ కొడుకు భూమిలోకి దిగి చూసొచ్చినాడా?" అన్నాడు ఆయన నాయనతో.

పేల్చినా పాత బావిలో నీళ్లు పడలేదు. ఇంకొక్క గుంతకు మించి తవ్వే శక్తి మాకు లేదు. నాయన నా పళ్లెంలోకి వంగి చూసి, "వాడు చదివినాడబ్బా, నేను చదవలా. వాడు చెప్పినకాడే తవ్వుదాం," అన్నాడు.

మట్టి పోయాక నలిగిన రాయే తేలింది. గడ్డపార పోటుకు బెల్లంలా విడిపోయింది. పుస్తకం చెప్పినట్టే! నేను కేక పెట్టాను. కానీ పగుళ్లలో ఎర్రటి దుమ్ము తప్ప తడి లేదు. రాయి పగిలి ఉందని అల చెప్పింది. ఆ పగుళ్లలో నీళ్లు ఉన్నాయని చెప్పలేదు. వాన లేకపోతే వాటిలోకి నీళ్లు ఎట్లా వస్తాయని నేనూ అనుకోలేదు. రోజూ దిగేవాళ్లం. బొబ్బలెక్కిన చేతులకు కొంగు చుట్టుకొని అమ్మ పైనుంచి మట్టి తట్టలు లాగేది. కింద నాయన రాతి మీద అరచెయ్యి ఆనించి తడి కోసం తడిమేవాడు.

చివరికి ఒక మూల రాయి చెమర్చింది. తెల్లారేసరికి ఒక కడవ నీళ్లు ఊరాయి. మర్నాడూ అంతే. ఇంకా లోతుకు పోదామంటే నలిగిన గోడ మా మీదికే రాలడం మొదలైంది. ఆపేశాం.

"నీ బుక్కు అబద్ధం చెప్పలా లేరా," అన్నాడు నాయన. "మనకు తాగేదానికి చాలు. చేనికి చాలవు." ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

సంత నాడు ఎద్దులకు తాళ్లు కట్టాడు. ఆ పొద్దు ఊరిన నీళ్లన్నీ అమ్మ తొట్టిలో పోసేసింది.

"మనకో?" అన్నాను.

"రేపు ఊరతాయి. ఇవి రేపు ఈడ ఉండవు కదప్పా."

ఎద్దులు మూతులు తోసుకుంటూ తాగాయి. తొట్టి అడుగు నాకాయి. తర్వాత రెండూ తలలెత్తి అమ్మ చేతిలోని కడవ వైపు చూశాయి. అమ్మ దాన్ని బోర్లించి చూపించింది. నాయన తాళ్లు లాగాడు.