ఇంటిపేరు గడి

కొండజాతి వాళ్ళం మేము. మా అతయాల్ వాళ్ళకు ఇంటిపేర్లు లేవు. మన పేరు, దాని వెనకే నాన్న పేరు, అంతే. మా పెదనాన్న యుకాన్ బటు. ఆయన కూతురు సయూన్ యుకాన్. తండ్రి పేరు కూతురి పేరులోనే ఉంటే, ఇక చుట్టరికానికి సాక్ష్యం ఎందుకు?

సయూన్ షిన్‌చూ పట్నంలో ఒక కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. పనిమంతురాలు, నోరు కూడా గట్టిదే. పోయినేడు ఒక ఆసుపత్రి వెబ్‌సైటు పని ఆమె చేతికొచ్చింది. అందులో ఇంటిపేరుకు ఒక గడి. ఆ గడిలో రోగి పేరు, తోడుండే మనిషి పేరు ఒకటైతేనే బంధువు. కాకపోతే ‘బయటివారు’. పేరులో చివరి మాటే ఇంటిపేరని ఎవరో తీరిగ్గా కూర్చుని తేల్చేశారు.

"సార్, ఇది మావాళ్ళకి పనిచెయ్యదు," అంది సయూన్ తన మేనేజర్ హుంగ్‌తో.

"మీరెంతమందమ్మా? గుప్పెడు మంది. మీకోసం మొత్తం మార్చాలా?"

"గుప్పెడు మందికి రోగాలు రావా సార్?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ గడి అలాగే ఉండిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. తెలియక చేస్తే తప్పు అనుకోవచ్చు. చెప్పాక కూడా చేస్తే దాన్నేమనాలి?

ఈ వసంతంలో పెదనాన్న చూపు మసకబారింది. ఒక కన్ను చిన్నప్పుడే వెదురు ముల్లు గుచ్చుకుని పోయింది. ఉన్న ఆ ఒక్క కంటికీ ఆపరేషన్. కట్టు విప్పేదాకా ఆయనకు అంతా చీకటే. పైగా నర్సులు మాట్లాడే చైనా మాటలు ఆయనకు సగమే అర్థమవుతాయి. కూతురు పక్కనుంటే చాలు, ఇంకేం అడగలేదాయన.

తను వెబ్‌సైటు చేసిన ఆ ఆసుపత్రిలోనే సయూన్ పేర్లు చెప్పింది. గుమస్తా కంప్యూటర్లో కొట్టి చూసి పెదవి విరిచింది.

"కుదరట్లేదమ్మా. బటు అంటే ఆయన ఇంటిపేరు, యుకాన్ అంటే మీది. కలవట్లేదు."

"యుకాన్ అంటే ఆయనే! నా పేరులో ఉన్నది మా యబా, మా నాన్నే!"

"మీ పాత చైనా పేర్లే ఉంచుకునుంటే ఈ గొడవుండేది కాదుగా?"

ఎప్పుడో ఎవరో సర్కారు గుమస్తా మావాళ్ళకు అంటగట్టిన పేర్లవి. కచేరీల చుట్టూ తిరిగి వాటిని వదిలించుకున్నారు తండ్రీకూతుళ్ళు. సయూన్ బల్ల గుద్ది అరిచింది. పెద్ద డాక్టరు దాకా వెళ్ళింది. అందరూ పాపం మంచివాళ్ళే. "కంప్యూటర్ ఒప్పుకోవట్లేదమ్మా," అన్నారు. కంప్యూటర్ ఏ చెట్టుకు కాసింది? మనుషులు చెప్పిందేగా అది చెప్పేది!

ఆపరేషన్ ఆపితే ఉన్న చూపూ పోతుంది. సయూన్ పళ్ళు కొరుక్కుని ‘బయటివారు’ అన్నచోటే సంతకం పెట్టింది. బయటివారికి సాయంత్రం చూసి పోవడానికే అనుమతి. మిగతా వేళంతా పెదనాన్న చీకట్లో ఒక్కడే పడుకుని, ఎవరు పలకరించినా "సయూన్?" అని అడిగాడట.

కట్టు విప్పిన సాయంత్రం సయూనూ నేనూ వెళ్ళాం. పెదనాన్న కూతుర్ని తేరిపార చూసి పొంగిపోయాడు. గుమ్మం దగ్గర ఆమె మెడలో వేసి పంపిన కార్డు దగ్గరికి లాక్కుని అక్షరాలు కూడబలుక్కున్నాడు. ‘బయటివారు.’

"ఇదెవరిదే తల్లీ, పొరపాటున తగిలించుకొచ్చావ్?"

"నాదే యబా," అంది సయూన్.