గోడలో ఆడవాళ్ల దర్వాజా

నాంపల్లిలో మేము కిరాయికి ఉన్న ఇల్లు మొదట్లో రెండిండ్లు కాదు, ఒక్కటే. మా ఇంటి యజమాని తాత, ఆయన తమ్ముడు పాలు పంచుకొని వాకిట్లో అడ్డంగా గోడ పెట్టుకున్నారు. ఆ గోడలో చిన్న దర్వాజా ఉంచాల్సిందేనని వాళ్ల భార్యలు పట్టుబట్టారు. ఉంచుతామనే దాకా రెండు పొయ్యిలూ ముట్టించలేదట. పరదా పాటించే ఇండ్లు మరి. వీధిలోకి రాకుండా ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరగడానికి వాళ్లకు అదొక్కటే దారి.

ఆ తోటికోడళ్లు పోయారు. వాళ్ల పిల్లలు గన్‌ఫౌండ్రీ వైపు కొత్త ఇండ్లకు వెళ్లిపోయారు. పందొమ్మిది వందల ముప్పైల చివర ఒక సగంలోకి మేము, ఇంకో సగంలోకి ఒక ముస్లిం మాస్టరుగారు, ఆయన భార్య కిరాయికి వచ్చాం. ఆమెను అమ్మ ఆపా, అంటే అక్కా, అని పిలిచేది. ఇద్దరూ ఒంటరిగా గడప దాటి ఎరగరు. అటు పచ్చిపులుసు, ఇటు ఖుబానీ మీఠా, పొద్దంతా దర్వాజా తెరిచే ఉండేది. తమ్ముడు పుట్టినప్పుడు మంత్రసాని కంటే ముందు వచ్చింది ఆపానే.

నలభైల్లో ఊళ్లో మాటలు మారాయి. యజమాని ఒకరోజు తాపీవాళ్లను వెంటబెట్టుకొని వచ్చాడు.

"రోజులు మంచిగ లేవు. హిందువుల ఇంటికి, ముసల్మానుల ఇంటికి నడుమ దర్వాజా ఏంది? బంద్ చేయిస్త," అన్నాడు.

అరుగు మీద చాయ్ తాగుతూ నాన్న తల ఊపాడు. మాస్టరుగారూ ఊపారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే! ఆ దర్వాజాలోంచి వంగి నడిచిన పాపాన పోయినవాళ్లు కాదు. నడిచేవాళ్లను అడగాలని ఒక్కరికీ తోచలేదు. తలుపు చాటు నుంచి అమ్మ "జర ఆగున్రి" అన్నది. ఎవరూ వినిపించుకోలేదు. పొద్దుగూకేసరికి ఇటుకలు పైదాకా లేచాయి. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

ఆ చలికాలంలో ఆపాకు జ్వరం తగిలింది. మాస్టరుగారు బడికి, నాన్న దఫ్తరుకు పోయిన వేళ గోడ అవతల ఆమె నీళ్లు అడుగుతూ మూలగడం మాకు వినబడింది. ఇటుకలతో పూడ్చిన దర్వాజా దగ్గర అమ్మ కాసేపు నిలబడింది. తర్వాత నిండా కొంగు కప్పుకొని, నీళ్ల చెంబు పట్టుకొని వీధి తలుపు తీసింది. జట్కాలు, సైకిళ్లు, అరుగుల మీద మగవాళ్ల చూపులు. అమ్మ తల వంచుకొని, గోడ పట్టుకుంటూ ఆపా గుమ్మం దాకా నడవడం నేను గడపలోంచి చూశాను.

సాయంత్రం సంగతి తెలిసి నాన్న మురిసిపోయాడు. ఆబిడ్స్ నుంచి వచ్చిన స్నేహితులతో, "మా ఇంటామెకు మస్తు ధైర్యం," అని గొప్పగా చెప్పాడు.

ఈసారి అమ్మ అందరికీ వినబడేలా లోపలి నుంచి అన్నది: "దర్వాజా ఉండనిస్తే, నాకు ధైర్యంతోని ఏం పని?"