యూలాన్ వద్దన్న పదవి

అమెరికాలో, సన్నీవేల్‌లోని ఆ సాఫ్ట్‌వేరు ఆఫీసుకు అందరికంటే ముందు వచ్చేది యూలాన్. చైనా నుంచి వచ్చిన మనిషి. నెరిసిన జుట్టు చెవుల వెనక్కి దోపుకుని, ఫ్లాస్కులోంచి గుక్కెడు వేడినీళ్లు తాగి, కమలాపండు ఒలిచి పక్కవాళ్ల బల్లల మీద తలా రెండు తొనలు పెడితే గాని పనిలో కూర్చోదు. ఎవరి ప్రోగ్రాం మొండికేసినా ఆమె దగ్గరికే వస్తారు. అయినా జట్టుకు పెద్దగా ఉండమని మేనేజరు డేల్ అడిగితే తల అడ్డంగా ఊపింది. అదే ఆఫీసులోనైనా హోదా, పని మారితే గ్రీన్‌కార్డు కాగితాలు మళ్లీ మొదటినుంచి పెట్టాల్సి రావచ్చు. ఆ ఆలస్యంలో కూతురికి ఇరవై ఒకటి నిండితే, తల్లి దరఖాస్తులోంచి పిల్ల పేరు జారిపోతుంది. “ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్లు కదమ్మా,” అన్నాడు డేల్. “మన జట్టులోని హెదర్‌కి ఇవ్వండి బాబూ. పని నేనే నేర్పాను. గొంతు మాత్రం నాకంటే పెద్దది,” అంది యూలాన్.

హెదర్‌కే ఇచ్చారు. నెల తిరక్కుండానే ఆ పిల్ల కుర్చీ లాక్కుని యూలాన్ పక్కన కూర్చుంది. “అక్కా, నీ పనెలా ఉందో నన్ను రాసిమ్మన్నారు. సిగ్గేస్తోంది. నువ్వు లేకపోతే ఈ జట్టే లేదని రాసేస్తా.” యూలాన్ ఆమె చెయ్యి మెల్లగా నొక్కింది. “అలా రాస్తే మళ్లీ పైకెక్కిస్తామంటారే తల్లీ. పని పర్వాలేదు, ఉన్నచోటే ఉంచండి అని రాయి. మా అమ్మాయికి కార్డొచ్చాక నీ ఇష్టమొచ్చినంత పొగుడుదువుగాని.”