మామిడి చెట్టు మీద బదనిక

మా ఇంటి ఓనరమ్మకు నా మొక్క అంటే పడదు. దాన్ని మొక్క అని కూడా అనదు, బదనిక అంటుంది. చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. మామిడి కొమ్మలోకి వేరు దించి సారం పీల్చేదీ బదనికే, బెరడును ఊరికే పట్టుకుని గాలిలో తేమ తాగి బతికే నా అడవి ఆర్కిడ్డూ బదనికే. మన పెద్దలు దీనికి ఇంకో పేరు పెట్టి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేదో!

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బాటనీ చెబుతాను. మామిడి కొమ్మ మీద ఆర్కిడ్ ఉంటే ఆర్కిడ్‌కు లాభం, మామిడికి నష్టం లేదని ఏటా బోర్డు మీద రాస్తాను. పిల్లలు కళ్లు మూసుకుని టిక్ పెడతారు. ఎల్బీ నగర్‌లో నా పై అంతస్తులో ఉండే ఒక్క మనిషికి మాత్రం ఆ ముక్క ఎక్కించలేకపోయాను. ఓనరమ్మ నల్గొండ దగ్గర మామిడితోట అమ్ముకుని వచ్చింది మరి.

"ఇది చెట్టు నుంచి ఏమీ తీసుకోదండీ" అంటే, "నీ అండీలు పక్కన పెట్టు బిడ్డా. బదనిక పట్టిందని తోటల కొమ్మలకు కొమ్మలే కొట్టేసినం. నాకు చెప్తవా?" అనేది.

నర్సరీ వాళ్లు దాన్ని కుండీలో మట్టి పోసి అమ్మారు. వేర్లు కుళ్లుతున్నాయి. మట్టంతా కడిగేసి, పెరట్లో మామిడి కాండానికి పొద్దుటి ఎండ తగిలే వైపు నూలు గుడ్డతో కట్టాను. బోరు నీళ్లు కొడితే వేర్ల మీద ఉప్పు పేరుకుంటుంది, అందుకని ఫిల్టర్ నీళ్లు కొట్టేదాన్ని. "తాగే నీళ్లు దయ్యానికి పోస్తున్నవా?" అని పైనుంచి సణుగుడు. ఎండినప్పుడు తెల్లగా ఉన్న వేరు తడవగానే పచ్చబడితే మొక్క బాగున్నట్టు. రెండో వేసవికి వేర్లు బెరడును కరుచుకున్నాయి, గుడ్డ విప్పేశాను.

ఈ ఏడు మంచుకు మామిడి పూత రాలిపోయింది. వీధిలో ఏ చెట్టూ కాయలేదు, అయినా నేరం నా మొక్కదే. సరిగ్గా అప్పుడే దాని ఆకుల మధ్య నుంచి మొదటిసారి మొగ్గల కాడ బయటికొచ్చింది.

"బదనికన్న తీయ్, ఇల్లన్న ఖాళీ చెయ్" అంది ఓనరమ్మ.

పూసేదాకా ఆగమని, ఇప్పుడు పీకితే వేర్లు తెగుతాయని బతిమాలాను. ఒక మొక్క కోసం కాళ్లావేళ్లా పడుతున్నందుకు నా మీద నాకే చిరాకేసింది.

మొగ్గలు విచ్చుకోవడం మొదలైన రోజు సాయంత్రం, మెట్రో దిగి ఇంటికొచ్చేసరికి కాండం బోసిగా ఉంది. కొడవలితో గీకేసి, గీరుకున్న చోట చెట్టుకు పసుపు కూడా రాసింది. నా మొక్క ప్రహరీ గోడ మీద పడి ఉంది. సగం వేర్లు తెగాయి, పూల కాడ లేనే లేదు. కోపంతో మెట్లెక్కాను.

తలుపు తీయగానే వాసన. దేవుడి పటం ముందు రాగి చెంబులో ఉంది నా కాడ. గోధుమ రంగు గళ్ల రేకులు, మధ్యలో నీలం, సగం పూలు విచ్చుకుని ఉన్నాయి.

"గింత మంచిగ పూస్తదని చెప్పకపోతివి!" అంది నన్నే తప్పుపడుతూ.

ఇన్నాళ్లుగా నేను మొత్తుకున్నది మరేమిటో!

"మళ్ల కట్టు బిడ్డా చెట్టుకు. మళ్లెప్పుడు పూస్తది?"

"బతికితే గదా! వేర్లు పట్టాలి, పుంజుకోవాలి. రెండు మూడేళ్లు పడుతుంది."

"పట్టనీ. అప్పటిదాక నువ్వేడికి పోతవ్?"

ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోరే అది. కిందికి దిగి, తెగిన వేర్ల కొసలు కత్తిరిస్తూ ఆవిడను కసితీరా తిట్టుకున్నాను. మొక్కను మళ్లీ చెట్టుకు ఆనించి పట్టుకుంటే ఏడుపొచ్చింది.